బేరియం పరీక్ష తరువాత ఇంటి దగ్గర జాగ్రత్తలు

మీ ఇంట్లో వారికి కడుపు, పేగుల ఎక్స్‌రే కోసం తెల్లని బేరియం మందు తాగించారు, లేదా ఎనిమా ద్వారా ఎక్కించారు. పరీక్ష అయిపోయినా మీ పని పూర్తి కాలేదు. ఆ బేరియం అంతా బయటకు వచ్చేవరకు ఇంట్లో ఒకరు కనిపెట్టి ఉండాలి.

బేరియం అరగదు, రక్తంలో కలవదు. మలంతోనే బయటకు పోవాలి. అందుకే రెండు మూడు రోజులు మలం సున్నం కలిపినట్లు తెల్లగా వస్తుంది. భయపడకండి. అది దొడ్డిలో అంటుకుంటుంది కనుక నీళ్లు ఎక్కువగా పోయండి. ఎక్స్‌రే ప్రభావం ఒంట్లో నిలిచి ఉండదు. పిల్లలు దగ్గరకు రావచ్చు.

ఒంట్లో నీరు చాలకపోతే బేరియం పేగులోనే గట్టిపడి అడ్డు పడుతుంది. ఒకసారి మా వార్డుకు ఒక పెద్దాయనను పొట్ట ఉబ్బి, వాంతులతో తీసుకువచ్చారు. నాలుగు రోజులుగా విరేచనం కాలేదు. కోడలికి చెప్పడానికి సిగ్గుపడ్డారు. మాటిమాటికి లేవాలని నీళ్లు కూడా తగ్గించారు. ఇంట్లో ఎవరూ అడగలేదు.

కాబట్టి ఇలా చేయండి:

1. పగటిపూట గంటకొక గ్లాసు చొప్పున నీళ్లు, మజ్జిగ మీరే చేతికి అందించండి. గుండె, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి ఎన్ని నీళ్లు ఇవ్వాలో డాక్టరుగారిని అడగండి.

2. డాక్టరుగారు ఆహారంలో పథ్యం చెప్పకపోతే ఆకుకూరలు, బీరకాయ, జామపండు, అరటిపండు పెట్టండి.

3. షుగరు ఉన్నవారు మాత్ర, ఇన్సులిన్ మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో ఇంటికి వెళ్లేముందే తెలుసుకోండి.

4. విరేచనాల మందు సొంతంగా కొని వేయకండి.

5. "ఈరోజు దొడ్డికి వెళ్లారా? ఏ రంగులో వచ్చింది?" అని రోజూ అడగండి. కోడలు అడగలేకపోతే కొడుకు గాని, మనవడు గాని అడగాలి.

రెండు రోజులైనా విరేచనం కాకపోతే డాక్టరుగారికి తెలియజేయండి. తీవ్రమైన కడుపునొప్పి, పొట్ట ఉబ్బరం, వాంతులు, గ్యాసు కూడా పోకపోవడం, జ్వరం, మలంలో రక్తం, ఆయాసం – వీటిలో ఏ ఒక్కటి కనిపించినా రాత్రి అయినా సరే, తెల్లవారేవరకు ఆగకుండా ఆసుపత్రికి తీసుకురండి. బేరియం పరీక్ష ఏ రోజు జరిగిందో ముందుగా చెప్పండి.

అడగడానికి ఒక్క నిమిషం చాలు. సిగ్గుపడి ఊరుకుంటే ఆపరేషను దాకా వెళ్లవచ్చు.