సుగంధిపాల - సేకరణ విధి

సుగంధిపాలకు సంస్కృతమున శారిబా, అనంతమూలము అని పేర్లు. మధుర తిక్త రసములు, శీతవీర్యము కలది. రక్తశోధకమని, దాహమును అణచునని శాస్త్రము. మిరపకోతల ఎండకు ఒంటిమంట, మూత్రములో మంట అని వచ్చినవారికి దాచేపల్లిలో మా ఇంట మొదట ఇచ్చునది ఈ వేరు కషాయమే. 1 చెంచా పొడిని 2 గ్లాసుల నీటిలో వేసి, సగము మిగులునట్లు మరగించి, వడగట్టి, పటికబెల్లము కలిపి త్రాగవలెను. మధుమేహులు పటికబెల్లము మానవలెను. గర్భిణులు వైద్యుని అడిగి వాడవలెను.

ఈ మాత్రము అందరూ అడిగి తెలుసుకొందురు. వేరు ఎట్లు తీయవలెనో ఎవరూ అడగరు.

గురుకులములో ఉన్నప్పుడు నాగులేటి ఒడ్డున ఒక తీగను సమూలముగా పెళ్లగించి తెచ్చి గురువుగారి ముందు పెట్టితిని. ఆయన మూట విప్పకుండానే "మొదలు ఎక్కడ వదిలితివిరా?" అన్నారు. ఆ ఏడు నాకు మరల గునపము ఇవ్వలేదు.

వేళ్లను గ్రీష్మమునగాని శిశిరమునగాని తీయవలెనని చరకసంహిత కల్పస్థానము చెప్పుచున్నది. గురువుగారు దానికి మరికొంత చేర్చిరి. కాయలు పగిలి, దూది అంటిన గింజలు గాలికి పోయిన పిమ్మటనే త్రవ్వవలెను. ఒక ప్రక్క వేళ్లే తీసి, మొదలు కదపక, గుంట పూడ్చవలెను. 2, 3 ఏండ్ల వరకు ఆ తీగ జోలికి పోరాదు.

ఇప్పుడు మా పత్తి, మిరప చేల గట్లకు కలుపుమందు కొట్టుచున్నందున ఈ తీగ నా కంట పడుట అరుదైనది. అంగడిలో సుగంధిపాల పేర అమ్మునది పలుమార్లు మారేడు గడ్డ (బిల్వమునకు దీనికి సంబంధము లేదు, వాసన ఒకటే కనుక ఈ మోసము సాగుచున్నది). సుగంధిపాల వేరు సన్నము, ముదురు గోధుమ రంగు, లోపల కట్టె వలె గట్టిది. మారేడు గడ్డ కండ పట్టి వ్రేలంత, అంతకు మించిన లావున ఉండును. నల్లమల, శేషాచలము కొండల బండసందులలో పెరుగు ఆ మొక్కను గడ్డకై సమూలముగా త్రవ్వుటచే, నేడది అంతర్జాతీయ ఎర్ర జాబితాలో అంతరించు ప్రమాదమున్న జాతులలో చేరినది. అడవి జాతులపై 2022 జూలైలో బాన్ నగరమున ఆమోదించిన అంతర్జాతీయ నివేదిక, మానవులు వాడు అడవి జాతులు సుమారు 50,000 అని లెక్కగట్టినది. మన పోపులపెట్టె ప్రక్కన ఉండు వేరుముక్క అందులో ఒకటి.

కాబట్టి లావు వేరు చవకగా వచ్చినదని కొనకుడు. తొలకరిలో మొదలున్న వేరుముక్కను లోతైన కుండీలో నాటి, ప్రాకుటకు పుల్ల నిలుపుడు. 2 ఏండ్లు నిండక ముందు వేరు తీయరాదు. మా పెరటి తీగకు ఈ ఏడు తూర్పు ప్రక్కనే త్రవ్వితిని.