పెరుగు కలపని కాల్చిన చేప

నారాయణఖేడ్ ప్రాంతపు గృహిణులకు మంజీర చేపలు, అందునను ముళ్ళు తక్కువగల కొర్రమీను క్రొత్త కాదు. దీనిని నూనెలో వేయించుటకు మారుగా తూర్పు ఆసియా వారి వలె ఊరబెట్టి ఓవెన్‌లో కాల్చిన నూనె వాడుక ఎంతో తగ్గును.

మసాలా పట్టుటకై పలువురు పెరుగు కలుపుదురు. చేప ఉష్ణవీర్యము, పాలు శీతవీర్యము. ఈ రెంటిని కలిపి భుజించుట విరుద్ధాహారమని చరకసంహిత సూత్రస్థానము 26వ అధ్యాయము చెప్పుచున్నది. పెరుగును కూడ ఆయుర్వేద వైద్యులు పలువురు వారింతురు. ఆధునిక పోషకాహారశాస్త్రము దీనిని దోషముగా ఎంచదు. అయినను ఇంట చింతపండు ఉండగా పెరుగుతో పనియేమి?

అరకిలో ముక్కలకు రెండు చెంచాల చిక్కని చింతపండు రసము, ఒక చెంచా సోయా సాస్, అల్లం వెల్లుల్లి ముద్ద, చిటికెడు పసుపు, చెంచా నువ్వులనూనె పట్టించి అరగంట ఫ్రిజ్‌లో ఉంచవలెను. సోయా సాస్‌లో ఉప్పు అధికము కనుక వేరే ఉప్పు వలదు. రక్తపోటు గలవారు ఆ సాస్‌ను మానుటయే మేలు.

అంగుళము మందపు ముక్కలను 200 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో 15 నుండి 20 నిమిషములు కాల్చవలెను. పులుపునకు పైభాగము తెల్లబడిన మాత్రమున ఉడికినదని భ్రమపడరాదు. నడుమ భాగము కూడ తెల్లబడి పొరలుగా విడవలెను. గిన్నెలో మిగిలిన పచ్చి రసమును వండిన చేపపై పోయరాదు.