ప్రోస్టేట్ క్యాన్సర్‌ను విటమిన్ మాత్రలు ఆపగలవా?

పురుషుల్లో మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ ఉండే చిన్న గ్రంథి ప్రోస్టేట్. వయసు పెరిగేకొద్దీ దీనికి క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. పోషకాలతో ఈ ముప్పును తగ్గించవచ్చా?

ఫిన్లాండ్‌లో పొగతాగే పురుషులపై జరిగిన ఒక అధ్యయనంలో, విటమిన్ ఇ తీసుకున్నవారికి ఈ క్యాన్సర్ తక్కువగా వచ్చింది. అయితే ఆ అధ్యయనం ఊపిరితిత్తుల క్యాన్సర్ కోసం చేపట్టినది. ఆ ఫలితాన్ని నేరుగా పరీక్షించేందుకు 2001లో ‘సెలెక్ట్’ పరిశోధన మొదలైంది. అమెరికా, కెనడా, ప్యూర్టోరికోలకు చెందిన 35 వేల మందికి పైగా పురుషులు ఇందులో పాల్గొన్నారు. కొందరికి విటమిన్ ఇ, కొందరికి సెలీనియం, కొందరికి రెండూ, మిగిలినవారికి మందు లేని మాత్రలు ఇచ్చారు.

ప్రయోజనం కనిపించకపోవడంతో 2008లో మాత్రలు ఆపేశారు. 2011లో వెలువడిన ఫలితం మరింత ఆశ్చర్యకరం. ఏడేళ్లలో మందు లేని మాత్రలు వేసుకున్న ప్రతి వెయ్యి మందిలో 65 మందికి ప్రోస్టేట్ క్యాన్సర్ రాగా, విటమిన్ ఇ మాత్రమే తీసుకున్నవారిలో 76 మందికి వచ్చింది. అంటే ముప్పు 17 శాతం పెరిగింది. సెలీనియం కూడా రక్షణ ఇవ్వలేదు.

అలాగని పల్లీలు, ఆకుకూరలు మానేయనక్కర్లేదు. పరిశోధనలో ఇచ్చిన విటమిన్ ఇ మోతాదు రోజువారీ అవసరానికి పది రెట్లకు మించినది. కూరగాయలు, పప్పులు, పండ్లతో కూడిన భోజనం, అదుపులో ఉన్న బరువు గుండెకు, మొత్తం ఆరోగ్యానికి మేలు చేస్తాయి. కానీ ప్రోస్టేట్ క్యాన్సర్‌ను కచ్చితంగా ఆపుతుందని రుజువైన ఆహారం గానీ మాత్ర గానీ ఇంతవరకు లేదు. తండ్రికో అన్నదమ్ములకో ఈ వ్యాధి వచ్చి ఉంటే, మాత్రలు కొనేముందు డాక్టరును కలవడం మంచిది.