పాతికేళ్ళ శాలువా

సమస్య



మాది ఫిరంగిపురం దగ్గర పల్లె. పెళ్ళయ్యాక మేడిపల్లి వచ్చి స్థిరపడ్డాం. మావారు నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక మందుల కంపెనీలో సూపర్‌వైజర్. ఈ డిసెంబరుకి మా పెళ్ళయి పాతికేళ్ళు. అమ్మాయి బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది, అబ్బాయి ఇంజినీరింగ్ చదువుతున్నాడు. నేను మా విచారణ (పారిష్) మరియ దళంలో ఉన్నాను. ఆయన ఆదివారం పూజలో పఠనాలు చదువుతారు. చూసేవాళ్ళకి మాది ముచ్చటైన సంసారం.

మూడేళ్ళ క్రితం మా మరిది చిట్టీ పాడుకుంటే, నాతో ఒక్క మాటైనా అనకుండా ఈయన జామీను సంతకం పెట్టారు. మరిది కట్టడం మానేశాడు. చిట్టీవాళ్ళు ఈయన వెంట పడ్డారు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అమ్మాయికి ఒక సంబంధం వస్తే, నగలు ఓసారి చూసుకుందామని బీరువా తీశాను. డబ్బాలో నగల్లేవు. నాలుగు మడతలు పెట్టిన తాకట్టు రసీదు ఉంది. మా అమ్మ పెట్టిన ఎనిమిది తులాలు! రసీదు అలాగే మడిచి, డబ్బా మూసి, దాని చుట్టూ పాత చీర ముక్క కట్టి లోపల పెట్టేశాను. ఆ ముడి నేను వేసిందని ఆయనకి తెలియకుండా ఉండదు. ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

అప్పట్నుంచి ఇంట్లో "అన్నం పెట్టనా", "గ్యాస్ వచ్చింది" తప్ప మాటల్లేవు. ఆయన పడక హాల్లోకి మారింది. ఉప్పల్ దగ్గర వంతెన పనుల దుమ్ముకి దగ్గొస్తోందట, నా నిద్ర పాడవుతుందట. ఆదివారం పూజలో ఒకరికొకరు శాంతి చెప్పుకోమన్నప్పుడు నావైపు తిరిగి చేతులు జోడిస్తారు. నేనూ జోడిస్తాను. వారం మొత్తమ్మీద ఆయన నా ముఖంలోకి చూసేది అప్పుడే.

క్రిస్మస్ వెళ్ళాక తిరుకుటుంబ పండుగ నాడు, పాతికేళ్ళు నిండిన జంటల్ని ముందుకు పిలిచి వివాహ ప్రమాణాలు మళ్ళీ చేయించి శాలువా కప్పుతారట. మా పేర్లూ రాసేశారు. ఆయన సరేనన్నారన్న సంగతి కూడా దళం ప్రెసిడెంటమ్మ చెబితేనే తెలిసింది. బలిపీఠం ముందు అలా నిలబడితే అబద్ధమాడినట్టు కాదా? రానంటే విచారణలో అందరూ ఏమైందని అడుగుతారు. "ఇంకెన్నాళ్ళక్కా, పిల్లలు పెద్దాళ్ళయ్యారు, ఇద్దరూ ఒప్పుకుని విడాకులు తీసుకోండి" అంటుంది మా చెల్లి. అలా చేస్తే దివ్యసత్ప్రసాదం ఇవ్వరేమోనని భయం. పాపసంకీర్తనంలో చెప్పుకుందామంటే ఏ పాపమని చెప్పను? నేనేం చేయలేదు కదా!

— ఒక సోదరి, మేడిపల్లి

సలహా

అమ్మా,

ముందు సత్ప్రసాదం భయం తీసేసుకోండి. ఈ భయంతోనే పూజకి వచ్చి వెనక బెంచీలో ముడుచుకు కూర్చునే ఆడవాళ్ళు చాలామంది ఉన్నారు. కోర్టులో విడాకులు తీసుకున్నంత మాత్రాన కతోలికులు సత్ప్రసాదానికి దూరం కారు. తిరుసభ దృష్టిలో మొదటి వివాహ బంధం నిలిచి ఉండగా ఇంకొకరితో సంసారం పెట్టుకుంటే వస్తుంది చిక్కు. భర్త వల్లగానీ భార్య వల్లగానీ శరీరానికో ఆత్మకో తీవ్ర ప్రమాదం ఉంటే విడిగా ఉండొచ్చని కానన్ చట్టం 1153వ నియమంలోనే ఉంది. కొన్ని ఇళ్ళలో విడిగా ఉండటం తప్పదనీ, ఒక్కోసారి నైతికంగా అవసరమే అవుతుందనీ పోప్ ఫ్రాన్సిస్ 2016లో 'అమోరిస్ లెతీసియా'లో రాశారు. తన్నులు తినడమే సిలువ మొయ్యడమని ఎవరైనా పెద్దమనిషి చెబితే ఆయనకి ఈ రెండూ చూపించండి.

మీ ఇంట్లో ఆ ప్రమాదం ఉన్నట్టు ఉత్తరంలో కనిపించలేదు. ఉంటే మాత్రం నేను ఇక్కడినుంచి రాసేదంతా పక్కన పెట్టి, ముందు క్షేమంగా ఉండే చోటు చూసుకోండి.

చెల్లెలు చెప్పిన దారి చట్టంలో ఉంది. క్రైస్తవులకు వర్తించే 1869 నాటి విడాకుల చట్టంలో, 2001 సవరణతో 10ఎ సెక్షన్ చేరింది. రెండేళ్ళు విడిగా ఉండాలన్నది అందులో రాసిన షరతు. ఆ తర్వాత ఇద్దరూ కలిసి అర్జీ పెట్టుకోవాలి. అంటే ఇల్లెవరికి, అప్పెవరికి, అబ్బాయి ఫీజు ఎవరు కట్టాలి అన్నవి ఇద్దరూ కూర్చుని తేల్చుకోవాలి. మాటల్లేవని విడిపోదామన్నా ముందు మాట్లాడుకోక తప్పదన్నమాట! చర్చి ట్రిబ్యునల్లో తీర్పు తెచ్చుకుంటే సరిపోతుందని కొందరంటారు. అది చర్చి వరకే. చట్టప్రకారం పెళ్ళి రద్దు కావాలంటే కోర్టుకే పోవాలని సుప్రీంకోర్టు 2017లో మరోసారి తేల్చి చెప్పింది.

ఇక అసలు విషయం. తప్పు ఆయనదే, అందులో సందేహం లేదు. తమ్ముడి మీద ప్రేమతో సంతకం పెట్టారనుకుందాం. మీ అమ్మ పెట్టిన బంగారం మీకు చెప్పకుండా తీసుకెళ్ళడానికి ఆ ప్రేమ సరిపోదు. కానీ మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది చివరి వాక్యం. "నేనేం చేయలేదు కదా" అన్నారు. రసీదు చూసి, మళ్ళీ అవే మడతల్లో పెట్టేశారు. ఆయనకి తెలిసేలా ముడి వేసి ఊరుకున్నారు. అప్పట్నుంచీ మీరు వేస్తున్న శిక్ష అది. ఆయన నోరు మెదపకుండా అనుభవిస్తున్నారు. బహుశా ఆ శిక్షే ఆయనకి తేలిగ్గా ఉండి ఉంటుంది, లెక్క చెప్పే పని తప్పింది కదా.

జీవితాంతం కలిసుంటామన్న మాటని మన విచారణల్లో చాలామంది ఒకే రకంగా అర్థం చేసుకున్నారు. ఎలాగూ విడిపోం, ఇక గొడవెందుకు, సర్దుకుపోదాం అని. నాకెప్పుడూ ఇది తలకిందుల లెక్కలా కనిపిస్తుంది. మనిషి ఎక్కడికీ పోడన్న ధీమా లేనిచోట నోరు కట్టేసుకోవాలి. అద్దెకుండేవాళ్ళు ఇంటి ఓనరుతో అలా ఉంటారు. మీకు ఆయన, ఆయనకు మీరు పోయేవాళ్ళు కారని పాతికేళ్ళ కింద సాక్షుల ముందు రాసుకున్నారు. గట్టిగా అడగడానికి, అరవడానికి, రెండు రోజులు అన్నం మానేసి ఏడవడానికి మీకు ఇంతకన్నా భద్రమైన చోటు ఎక్కడ దొరుకుతుంది? ఆ హక్కుని మీరిద్దరూ వాడుకోకుండా అటకమీద పడేశారు.

శాలువా సంగతికొస్తే, రెండోసారి ప్రమాణాలు చెప్పడం దివ్యసంస్కారమేమీ కాదు. పెళ్ళి బంధానికి అది కొత్తగా కలిపేదీ లేదు, మానేస్తే పోయేదీ లేదు, పాపమూ అంటదు. పెళ్ళినాడు ప్రమాణాలకంటే ముందు గురువు అడిగిన ప్రశ్న గుర్తుందా? ఎవరి బలవంతమూ లేకుండా ఇష్టపడి వచ్చారా అని. ఈసారి ఆ ప్రశ్న మిమ్మల్నెవరూ అడగలేదు, పేర్లు రాసేశారు. కాబట్టి మీరింకా ఒప్పుకోలేదనే లెక్క.

అలాగని నవ్వుతూ బతికే జంటలే అక్కడ నిలబడాలని నేననను. అప్పుల్లో ఉన్నవాళ్ళు, కోపంలో ఉన్నవాళ్ళు, నగలు తాకట్టులో ఉన్నవాళ్ళు నిక్షేపంగా నిలబడొచ్చు. ప్రమాణంలో కష్టం మాట కూడా ఉంది. రసీదు సంగతి ఇద్దరికీ తెలిసి, ఇద్దరూ తెలియనట్టు నటిస్తుంటే మాత్రం వద్దు. పూజలో శాంతి చెప్పుకోవడాన్ని సత్ప్రసాదానికి ముందు పెట్టింది ఊరికే కాదు. మత్తయి సువార్త 5వ అధ్యాయంలో, కానుకని బలిపీఠం దగ్గరే వదిలేసి ముందు వెళ్ళి రాజీపడి రమ్మన్నాడు ప్రభువు. మీరిద్దరూ చేతులు జోడించి, రాజీ అయిపోయినట్టే వరసలోకి వెళ్తున్నారు.

ఎలా మొదలెట్టాలో తెలియక ఇన్నాళ్ళూ ఆగారేమో. దానికో దారి ఉంది. గాబ్రియేల్ కాల్వో అనే స్పెయిన్ గురువు 1962లో బార్సిలోనాలో మొదలుపెట్టిన మ్యారేజ్ ఎన్‌కౌంటర్ అనే దంపతుల కార్యక్రమం మన దేశంలోనూ నడుస్తోంది. అందులో ఎవరి కథా నలుగురిలో చెప్పించరు. భార్యాభర్తలు విడివిడిగా కూర్చుని ఒకరికొకరు ఉత్తరం రాసుకుంటారు, మార్చుకుని చదువుతారు, ఆ తర్వాతే మాట్లాడుకుంటారు. ఎదురుగా నోరు పెగలనివాళ్ళకి ఇది బాగా పనికొస్తుంది. మీకు రాయడం వచ్చు, నా చేతిలో రుజువుంది. నాకు రాసినదాంట్లో రెండో పేరా, బీరువా తీసిన పేరా, ఉన్నదున్నట్టు మళ్ళీ రాసి ఆయనకివ్వండి. శాలువా గురించి, చెల్లెలి గురించి అందులో కలపకండి. అబ్బాయి ఇంట్లో లేని పూట చూసుకోండి. రసీదు కూడా తీసి బల్లమీద పెట్టండి.

ఆయన పొడిపొడిగా "అవును, పెట్టాను" అని లేచిపోవచ్చు. లేచిపోనివ్వండి, మర్నాడు మళ్ళీ అడగండి. ఆ దుమ్ము సాకు మాత్రం ఒప్పుకోవద్దు. ఉప్పల్–నారపల్లి వంతెన పనులు 2018లో మొదలై ఏళ్ళు గడిచాయి, ఆ దారిలో తిరిగే అందరికీ దుమ్ము ఉన్నదే. ఇన్నాళ్ళ దగ్గయితే డాక్టరుకి చూపించాలి గానీ హాల్లో పడుకోబెడతారా?

పాపసంకీర్తనంలో ఈ కథంతా చెప్పే వీలుండదు, వెనక వరసలో పదిమంది నిలబడి ఉంటారు. మీ మధ్య మాట కుదరకపోతే, పనిరోజు సాయంత్రం సమయమడిగి ఇద్దరూ కలిసి విచారణ గురువు దగ్గరకెళ్ళండి. మీరొక్కరే వెళ్తే అది ఫిర్యాదవుతుంది. మరియ దళంలో మాత్రం నోరు విప్పకండి, ప్రార్థన కోసమని చెప్పిన సంగతులు ఎంత దూరం వెళ్తాయో మీకు నేను చెప్పాలా! పండుగలోపు మాటలు కలవకపోతే ప్రెసిడెంటమ్మకి "ఈసారికి మా పేర్లు తీసెయ్యండి" అనండి, చాలు. కారణం చెప్పక్కర్లేదు.

మరిది సంగతి కూడా వదిలేయకండి. జామీనుదారు కట్టిన సొమ్మును అసలు బాకీదారు నుంచి రాబట్టుకునే హక్కు 1872 నాటి కాంట్రాక్టు చట్టం 145వ సెక్షన్ ఇస్తోంది. తమ్ముడి మీద కోర్టుకెక్కాలో లేదో ఇద్దరూ కలిసి నిర్ణయించుకోండి, కానీ ఈయన కట్టిన ప్రతి వాయిదా కాగితం ఒకచోట చేర్చండి. అన్నిటికంటే ముందు ఆ రసీదు మీద గడువు తేదీ ఎప్పుడో చూడండి. ఇన్నాళ్ళయిందంటే ఈపాటికి ఒకటి రెండుసార్లు రెన్యూవల్ అయి ఉండాలి. కాకపోతే వేలం నోటీసు ఆయన జేబులోనే ఉండి ఉండొచ్చు.