నాలుగో స్థానం

కొత్తగూడెం

చి. స్వాతికి, మామయ్య ఆశీర్వదించి రాయునది.

మీ అమ్మ ఫోన్ చేసింది. రాష్ట్ర పోటీల నుంచి వచ్చి వారమైనా స్పైక్స్ సంచిలోంచి తీయలేదట. పరుగు మానేసి డిగ్రీ మీద పడతానన్నావట. చదువు వద్దని ఏ మామయ్యా అనడు. కానీ ఏడుస్తూ తీసుకున్న నిర్ణయాన్ని నెల ఆగి తీసుకున్నా పోయేదేం లేదు. ఫోన్లో అయితే నువ్వు ఏడుస్తావు, నేను అరుస్తాను. అందుకే ఈ ఉత్తరం.

నీ రేసు వీడియో ఐదుసార్లు చూశాను. ఆఖరి రౌండు గంట మోగగానే లేచావు. రెండొందలు ఉండగా అందరికన్నా బాగా ముందున్నావు. చివరి యాభైలో కాళ్లు బిగుసుకుపోయాయి, ముగ్గురు దాటారు. ఇలాంటి పరుగే ఇంకొకటి నాకు తెలుసు. అరవై ఏళ్ల కిందటిది.

మిషెల్ జాజీ అని ఫ్రాన్సు రన్నర్. మీ తాత లాగే వాళ్లదీ బాయి పని చేసుకున్న కుటుంబం. పోలండు నుంచి ఉత్తర ఫ్రాన్సు బొగ్గుబావులకు వలసవచ్చినవాళ్లు. 1936లో పుట్టాడు. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. కుర్రాడు పారిస్ చేరి, ఎకిప్ అనే క్రీడాపత్రికలో అచ్చుపని చేసుకుంటూ పరిగెత్తాడు. ఇరవై ఏళ్లకు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కి వెళ్లి 1500 మీటర్ల హీట్స్‌లోనే వెనుదిరిగాడు. అక్కడ అతని గదిలో ఉన్న పెద్దాయన అలేన్ మిమూన్. అంతకుముందు రెండు ఒలింపిక్స్‌లో మూడుసార్లు జటోపెక్ అనే మేటి రన్నర్ వెనకాలే వచ్చి మూడు వెండి పతకాలు తెచ్చుకున్నవాడు. ముప్పై అయిదేళ్ల వయసులో ఆ మెల్‌బోర్న్‌లోనే మారథాన్ గెలిచాడు. ఓపిక అంటే ఏమిటో జాజీకి పక్క మంచం మీదే కనిపించింది.

నాలుగేళ్లకు రోమ్. మన మిల్కా సింగ్ 400 మీటర్లలో నాలుగోవాడైన ఒలింపిక్స్ అది. 1500 మీటర్లలో ఆస్ట్రేలియా ఎలియట్ 3 నిమిషాల 35.6 సెకన్లతో ప్రపంచ రికార్డు పెట్టాడు. 3:38.4తో జాజీకి వెండి. ఇక ఫ్రాన్సు మొత్తం టోక్యోలో బంగారం కోసం ఎదురుచూసింది.

1964 అక్టోబరు 18. టోక్యోలో వాన. అప్పటి ట్రాక్ ఇప్పటి రబ్బరు ట్రాక్ కాదు, బూడిద ట్రాక్. తడిసి బురదైంది. జాజీ 5000 మీటర్లు ఎంచుకున్నాడు. ఆఖరి రౌండులో దూసుకెళ్లి అందరినీ వెనకేశాడు. చివరి వంపు తిరిగేసరికి ఒళ్లు మాట వినలేదు. అమెరికావాడు బాబ్ షూల్ ఆఖరి మూడొందల మీటర్లు 38.7 సెకన్లలో లాగి, గీతకు కాస్త ముందు దాటేశాడు. తర్వాత జర్మనీ నోర్పోత్ దాటాడు. ఆఖర్న డెలింజర్ కూడా. డెలింజర్ టైమూ, జాజీ టైమూ ఒకటే, 13:49.8. కంచు ఆయనకి, నాలుగో స్థానం ఇతనికి.

ఇక్కడిదాకా నీ కథే. తర్వాతది చెబుదామనే ఇదంతా రాశాను.

ఎనిమిది నెలలు గడిచాయి. 1965 జూన్ 9న రెన్ అనే ఊళ్లో జాజీ మైలు పరుగు 3 నిమిషాల 53.6 సెకన్లలో ముగించాడు. పీటర్ స్నెల్ పేరున ఉన్న ప్రపంచ రికార్డు పోయింది. అదే నెల మెలన్‌లో రెండు మైళ్ల రికార్డు. మరో ముగ్గురు ఫ్రెంచివాళ్లతో కలిసి రిలే రికార్డు. జూన్ 30న హెల్సింకిలో 5000 మీటర్లు 13:27.6. అప్పటి ప్రపంచ రికార్డుదారు రాన్ క్లార్క్, కెన్యా కీనో ఇద్దరూ వెనకే. లెక్క చూడు: టోక్యోలో ఆఖర్న మొరాయించిన కాళ్లే అదే దూరాన్ని 22 సెకన్లు తక్కువలో తిప్పాయి. వాన లేదు, బురద లేదు, నిజమే. కానీ ఆ కాళ్లలో సత్తా లేదని ఎవరన్నా అనగలరా?

దీన్నుంచి నేను నేర్చుకున్నది ఒక్కటే. ఓడిన చోటే గెలిచి బాకీ తీర్చుకోవాలని లేదు. టోక్యోకి జవాబు జాజీ ఇంకో ఒలింపిక్స్‌లో ఇవ్వలేదు. మామూలు పోటీల మైదానాల్లో, గడియారానికి ఇచ్చాడు. 1966లో యూరప్ 5000 మీటర్ల విజేతై, అక్టోబరులో 2000 మీటర్ల ప్రపంచ రికార్డు రాసి, ముప్పై ఏళ్లకు పోటీలు ముగించాడు. ఒలింపిక్ బంగారం మాత్రం ఎప్పటికీ రాలేదు. అది దాచను. పట్టుదల ఉంటే పతకం వస్తుందని చెబితే నేను నీకు అబద్ధం చెప్పినవాణ్ణవుతాను.

ఇప్పుడు నీ సంగతి. గంట మోగగానే లేవడం ధైర్యమే, కానీ తొందర. నీ బలం ఇంకా రెండొందల మీటర్లకే సరిపోతుంది. దాన్ని నాలుగొందలకు సాగదీశావు. ఇది మార్చుకోగల తప్పు. మూడొందలు నాలుగుసార్లు పరిగెత్తు, ఆఖరి వంద మొదటి రెండు వందలకన్నా చురుగ్గా రావాలి. ఇంకో మాట. ఫలితాల కాగితం నాలుగో స్థానం దాకా చూసి మడిచేసి ఉంటావు. పక్క గడిలో 4:41 అని ఉంది. నీ పాత టైము 4:46. ఐదు సెకన్లు తగ్గించి వచ్చిన పిల్ల ఇంట్లో ముసుగుతన్ని పడుకుంటుందా?

మానాలనుకుంటే మానేయి, నేను అడ్డుపడను. కానీ ఆ ఐదు సెకన్లు ఎక్కణ్ణుంచి వచ్చాయో తెలుసుకుని మాను. ఆదివారం పొద్దున ఐదున్నరకు గ్రౌండు దగ్గర ఉంటాను. స్టాప్‌వాచ్‌లో కొత్త సెల్లు వేయించాను.

మీ మామయ్య