నిలువపచ్చళ్లను కాపాడు మొక్కల గుణములు

పండుమిరపకాయలు కోతకు వచ్చినది మొదలు వేసవిలో ఆవకాయ పెట్టువరకు దాచేపల్లి, గురజాల ప్రాంతపు ఇండ్లలో జాడీలు కడిగి ఎండబెట్టుచునే యుందురు. ఆ జాడీలోనికి పోవు వస్తువులలో ఏది ఏ పని చేయుచున్నదో మన సభ్యులు తెలిసికొనుట అవసరము. పొదుపు సంఘముల స్త్రీలు నేడు పచ్చళ్లను విక్రయమునకును పెట్టుచున్నారు. ఇంటిలో చెడిన పచ్చడి ఒక కుటుంబమునకే నష్టము. అంగడిలో చెడినది సంఘము పేరునకే నష్టము.

ఆహారము ముఖ్యముగా రెండు విధముల చెడును. తడియున్నచోట బూజును సూక్ష్మజీవులును పెరుగును. నూనె, నేయి మొదలగునవి గాలి తగిలి కనరెక్కును. ఈ రెండింటిని ఆలస్యము చేయు పదార్థములు కొన్ని మొక్కలయందు కలవు.

మొదట ఆవాలను చూతము. గింజలో ఘాటు ముందుగా లేదు. ఒక పదార్థమును, దానిని విడగొట్టు ఎంజైమును గింజలో వేరువేరుగా నుండును. గింజ నలిగి తడి తగిలినప్పుడే అవి రెండును కలిసి, ముక్కునకెక్కు ఘాటు పుట్టును. దీనిని రసాయనజ్ఞులు అల్లైల్ ఐసోథయోసైనేటు అందురు. బూజును, పెక్కు సూక్ష్మజీవులను అణచు శక్తి దీనికి గలదు. అయితే ఆ ఎంజైము వేడికి చచ్చును. కావున ఆవకాయకు ఆవాలను వేయింపక, ఎండబెట్టి పొడికొట్టు మన పెద్దల పద్ధతి మిక్కిలి సహేతుకమైనది. మామిడిముక్కల రసమే ఆ పొడిని తడుపును. తాలింపులో చిటపటలాడిన ఆవాలు రుచికే గాని రక్షణకు గావు. ఈ ఘాటు గాలిలో కలిసిపోవునది గనుక మూత వదులైన జాడీలో నిలువదు.

నువ్వులనూనెయందు సెసమాల్ మొదలగు పదార్థము లుండుటచే అది త్వరగా కనరెక్కదు. వెన్న కాచునపుడు తమలపాకో కరివేపాకో వేయు ఆచారము గూడ ఇట్టిదే. నేతిని ఆ ఆకులు కాపాడుట పరిశోధకులు పరీక్షించి చూచినదే. పసుపులోని కర్కుమిన్‌ను 1815లోనే వేరుచేసిరి. దాని కీర్తి పెద్దది గాని, నీటిలో అది కరగదు. పచ్చడిలో చిటికెడు పసుపు చేయు పని స్వల్పము. ఇక మిరపకారము మన నోటిని మండించినంతగా బూజును మండింపదు. పండుమిరప పచ్చడిని ఏడాది నిలుపునవి ఉప్పును చింతపండును. ఆరోగ్యమునకని ఉప్పు తగ్గించి పెట్టినవారు ఆ పచ్చడిని చల్లనిపెట్టెలో నుంచి త్వరగా తినవలెను.

వెల్లుల్లిది ఒక హెచ్చరిక. సూక్ష్మజీవులను చంపు గుణము వెల్లుల్లికి కలదని అందరెరుగుదురు. అయినను 1985లో కెనడాలోని వాంకూవరు నగరమున, పులుపు లేక నూనెలో నుంచిన వెల్లుల్లి తిని 30 మందికి పైగా బాటులిజమను ప్రమాదకరమైన జబ్బు పాలైరి. దానిని చల్లదనమున నుంచలేదు. గాలి సోకని నూనె అడుగున, పులుపు లేనిచోట, ఆ సూక్ష్మజీవి విషమును పుట్టించెను. వెల్లుల్లి వేసితిమి గదా అని పులుపు తగ్గించుట ఎంతమాత్రము తగదు.

వేపాకు రసమును పచ్చళ్లలో కలుపవచ్చునా యని గ్రామములలో మమ్మడుగుచున్నారు. కలుపరాదు. వేపనూనె కడుపులోనికి పోయి పసిబిడ్డలకు ప్రాణాపాయమైన సందర్భములు గలవు. మరియు ప్రయోగశాలలో గాజుపాత్రయందు కొలదిపాటి రసమునకే చచ్చు సూక్ష్మజీవి, నూనెయు పిండియు గల ఆహారములో అంత సులభముగా చావదు. అచ్చట మోతాదు పెంచవలెను. పెంచిన రుచి చెడును.

అన్నిటికంటె ముఖ్యమైనది మిరపకాయల తడి. మేలికాయను గుంటూరు యార్డునకు పంపి, తాలును ఇంటిరోటికి ఉంచుకొను అలవాటు కొందరికి గలదు. వట్టి రంగు తగ్గిన తాలు వేరు, బూజుపట్టినది వేరు. కాయలు తడితో కుప్పగా నున్నప్పుడు పెరుగు ఒక జాతి బూజు అఫ్లటాక్సినను విషమును పుట్టించును. 1960లో ఇంగ్లండులో బూజుపట్టిన వేరుసెనగపిండి తిని లక్షకు పైగా టర్కీకోళ్లు చచ్చినప్పుడు లోకమునకిది తెలిసెను. ఇది కాలేయమును పాడుచేయును, రుచికి తెలియదు, వంటవేడికి నశింపదు. ఆవఘాటు గాని, పసుపు గాని, మరే మొక్కరసము గాని పచ్చడిలోనికి చేరిన ఈ విషమును తీసివేయలేదు. మన దేశపు చట్టము కిలో మిరపలో 30 మైక్రోగ్రాములకు మించనీయదు. ఐరోపావారు 10కే హద్దు పెట్టిరి.

కావున కల్లములో కాయలను నేలపై గాక పట్టాలపై పలుచగా ఆరబోసి, మంచు పడకుండ రాత్రులు కప్పవలెను. గింజలు గలగలలాడువరకు ఎండనిచ్చి, తేమ నూటికి 11 వంతులకు మించలేదని చూచుకొని బస్తాలకెత్తవలెను. దంచుటకు ముందు కాయను విరిచి లోపల చూడుడు. పైకి ఎర్రగా నున్న కాయలో గూడ బూజుండవచ్చును. ఏరిన బూజుకాయలను కారములో కలుపక గోతిలో పూడ్చవలెను. బూజుపట్టిన వేరుసెనగచెక్కను పాడిగేదెకు పెట్టినను ఆ విషము రూపము మారి పాలలోనికి దిగును.