ట్రాక్టరు ఇంజనులో ఆయిలు హెచ్చరిక దీపం మిణుకుమనడం – కారణ నిర్ధారణ, మరమ్మతు

సార్వా దమ్ము పనులు ముమ్మరంగా సాగే రోజులలో ట్రాక్టరు ఉదయం నుంచి చీకటిపడే వరకు బురదలోనే తిరుగుతుంది. మధ్యాహ్నం గట్టు దగ్గర ఇంజను వేగం తగ్గించి నిలిపినపుడు, డ్రైవరు ముందున్న పలకపై ఆయిలు డబ్బా గుర్తుగల ఎర్రదీపం మిణుకుమిణుకుమంటుంది. యాక్సిలరేటరు కొద్దిగా పెంచగానే ఆరిపోతుంది. అందువల్ల చాలామంది దీనిని పట్టించుకోరు. నాట్లు ముగిసేలోగా క్రాంకుషాఫ్టు బేరింగులు పట్టుకుపోయి ఇంజను విప్పవలసి వచ్చినపుడు మరమ్మతు ఖర్చుతో పాటు అదును కూడా దాటిపోతుంది.

ఈ దీపం ఆయిలు ఎంత ఉన్నదో తెలుపదు, పీడనాన్ని మాత్రమే తెలుపుతుంది. ఇంజను దిమ్మెకు బిగించిన చిన్న స్విచ్చిలో ఒక పలుచని పొర, దాని వెనుక స్ప్రింగు ఉంటాయి. పీడనం లేనపుడు స్విచ్చి దీపం వలయాన్ని కలిపి ఉంచుతుంది. పీడనం సాధారణంగా చదరపు సెంటీమీటరుకు అర కిలో ప్రాంతానికి చేరగానే పొర వంగి వలయం తెగుతుంది, దీపం ఆరిపోతుంది. అంటే పీడనం ఈ హద్దుకు అటూ ఇటూ ఊగిసలాడుతున్నపుడే దీపం మిణుకుమంటుంది. పూర్తి వేగంలో అనేక ట్రాక్టరు ఇంజన్లలో 3 నుంచి 5 కిలోల పీడనం ఉంటుందని గుర్తుంచుకుంటే, దీపం వెలిగే స్థితి ఎంత అడుగున ఉన్నదో అర్థమవుతుంది.

వేడిగా ఉండి నెమ్మదిగా తిరుగుతున్నపుడే దీపం వెలగడానికి కారణం స్పష్టం. ఆయిలు పంపు పళ్లచక్రాలు క్రాంకుషాఫ్టుతో పాటే తిరుగుతాయి కనుక వేగం తగ్గితే పంపు తోడే ఆయిలూ తగ్గుతుంది. వేడికి ఆయిలు పలుచబడి బేరింగుల సందులలోంచి సులువుగా జారిపోతుంది. సందు రెట్టింపైతే అదే పీడనం వద్ద దానిలోంచి కారే ఆయిలు సుమారు ఎనిమిది రెట్లవుతుంది. మిల్లీమీటరులో పదోవంతుకు లోబడిన సందులో స్వల్ప అరుగుదల సైతం పీడనాన్ని పడగొట్టడం ఇందువల్లనే.

పరీక్ష ఎక్కడ మొదలుపెట్టాలి

దీపం పని వేగంలో వెలిగితే ఇంజనును తక్షణం ఆపవలెను. ఐడిలింగులో మాత్రమే మిణుకుమంటే ట్రాక్టరును సమతలంపైకి తెచ్చి ఆపి, పది నిమిషాల తరువాత డిప్‌స్టిక్కు చూడవలెను. మట్టం రెండు గీతల మధ్య ఉండాలి. దమ్ములో ట్రాక్టరు ఒక ప్రక్కకు ఒరిగినపుడు, గట్టు ఎక్కినపుడు చాంబరులోని ఆయిలు ఒక మూలకు చేరుతుంది. మట్టం తక్కువగా ఉంటే పంపు జాలీ ఆయిలుకు బదులు గాలిని పీల్చుకుంటుంది.

మట్టం తగ్గకపోవడం మంచిదే గాని, పోయకుండానే పెరగడం మంచిది కాదు. కొందరు రైతులు దీనిని చూసి, ఇంజను ఆయిలు తాగడం లేదని సంతోషిస్తారు. వాస్తవానికి కారుతున్న నాజిళ్లనుంచి గాని, చిరిగిన ఫీడుపంపు పొరనుంచి గాని డీజిలు చాంబరులోకి దిగుతూ ఉండవచ్చు. అటువంటి ఆయిలు వేళ్ల మధ్య నీళ్లవలె జారుతుంది, డీజిలు వాసన వేస్తుంది. పాలకాఫీ రంగులో ఉంటే నీరు చేరినట్లు. ఈ రెండు సందర్భాలలోనూ మూలకారణం సరిచేయక ఆయిలు మాత్రం మార్చినందువల్ల ప్రయోజనం లేదు.

ఆయిలు బాగున్నచో రేడియేటరు చూడవలెను. జల్లెడకు గడ్డి, బురద పట్టి ఇంజను మితిమీరి వేడెక్కితే మంచి ఆయిలు కూడా పలుచబడుతుంది. తయారీదారు 15డబ్ల్యు-40 సూచించినచోట అంతకన్నా పలుచని రకం పోయడం, మార్చవలసిన గంటలు దాటినా అదే ఆయిలుతో నడపడం కూడా ఇదే ఫలితమిస్తాయి.

తరువాత విద్యుత్ వలయం. తాళం తిప్పి, ఇంజను స్టార్టు చేయకుండా స్విచ్చి తీగను ఊడదీస్తే దీపం ఆరిపోవాలి. ఆరకపోతే తీగ ఎక్కడో ఒరుసుకొని బాడీకి తగులుతున్నట్లు. ఊడదీసిన తీగను ఇంజను దిమ్మెకు తాకిస్తే వెలగాలి. వెలగకపోతే బల్బు మాడినట్లు, లేదా తీగ తెగినట్లు. తాళం తిప్పగానే అసలు వెలగని దీపం మిణుకుమనే దీపంకన్నా ప్రమాదకరం.

స్విచ్చి చెడిందా, పీడనమే పడిపోయిందా అన్నది ఊహతో తేల్చరాదు. స్విచ్చి విప్పి ఆ రంధ్రంలో పీడన గేజి బిగించి, ఇంజను బాగా వేడెక్కిన తరువాత ఐడిలింగులోను, పూర్తి వేగంలోను కొలిచి మాన్యువలులోని అంకెలతో పోల్చవలెను. రెండుచోట్లా సరిపోతే స్విచ్చి మార్చిన చాలును. రెండుచోట్లా తక్కువైతే జాలీ మూసుకుపోవడం, పంపు అరగడం, రిలీఫ్ వాల్వు మురికితో తెరుచుకొని ఉండిపోవడం, బేరింగుల అరుగుదల అన్న వరుసలో చూడడం మేలు. చాంబరు విప్పినపుడు అడుగున రాగిరంగు లేదా వెండిరంగు రజను కనిపిస్తే బేరింగులను తప్పక కొలవవలెను.

వాడుకలో ఉన్న తప్పుడు చికిత్సలు

రిలీఫ్ వాల్వు స్ప్రింగు వెనుక వాషరు పెట్టి పీడనం పెంచడం పలు వర్కుషాపులలో కనిపిస్తుంది. ఈ వాల్వు గరిష్ఠ పీడనాన్ని అదుపు చేయడానికే ఉన్నది. ఐడిలింగులో అది మూసుకొనే ఉంటుంది. కనుక వాషరువల్ల అక్కడ పీడనం పెరగదు. పైగా చల్లని ఇంజను స్టార్టు చేసినపుడు పీడనం హద్దు మీరి ఫిల్టరు సీలు పగులవచ్చు. గేరు ఆయిలు కలిపి చిక్కబరచడం దీపాన్ని ఆర్పుతుందేమో గాని అరిగిన బేరింగును బాగుచేయదు. ఆ నూనెలోని రసాయనాలు కూడా ఇంజనుకు తగినవి కావు.

బేరింగులు మార్చేటపుడు క్రాంకుషాఫ్టు జర్నళ్లను మైక్రోమీటరుతో కొలిచి, గీతలు పడినా, గుండ్రదనం తప్పినా గ్రైండింగు చేయించి అందుకు సరిపోయే అండర్‌సైజు బేరింగులు వేయవలెను. షాఫ్టును కొలవకుండా కొత్త బేరింగులు వేసిన ఇంజనులో కొద్ది వారాలకే దీపం తిరిగి మిణుకుమంటుంది. మరమ్మతు తరువాత కొత్త ఫిల్టరు బిగించి, ఇంధనం ఆపి స్టార్టరుతో కొద్ది సెకన్ల చొప్పున ఆగి ఆగి తిప్పి, దీపం ఆరిన పిదపనే ఇంజను స్టార్టు చేయవలెను. ఆనాటి వేడి ఐడిలింగు పీడనాన్ని గంటల మీటరు అంకెతో కలిపి లాగ్‌బుక్కులో వ్రాసి ఉంచితే, మళ్లీ దీపం మిణుకుమన్నపుడు పోల్చుకొనేందుకు ఆ ఇంజను అంకెలే చేతిలో ఉంటాయి.